హార్డ్ డిస్క్ పోకముందే పసిగట్టడం ఎలా, పోతుంటే ఏం చేయాలి

మీ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ ఎలా ఉందో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. పైసా ఖర్చు లేదు, మెకానిక్‌ను పిలిచే పని లేదు. అయినా నల్లగొండ, పాలమూరు చుట్టుపక్కల నేను చూసే కంప్యూటర్లలో చాలావాటికి ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టి ఉండరు. స్టూడియోలో ఏళ్ల తరబడి తీసిన పెండ్లి ఫొటోలు, మీసేవ సెంటర్‌లో జనం కాగితాల స్కాన్లు, మిర్యాలగూడ మిల్లులో ధాన్యం లెక్కలు, గద్వాల, నారాయణపేటల్లో చీరల డిజైన్ ఫైళ్లు, అన్నీ ఒకే డిస్క్ మీద ఉంటాయి. ఆ డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో, లోపల ఎన్ని సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) దెబ్బతిన్నాయో ఓనర్‌కు తెలియదు. ఒకరోజు ఆన్ చేస్తే టక్ టక్ అని చప్పుడు వస్తుంది. అప్పుడు మొదలవుతుంది పరుగు.

ముందే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ ఏదీ డిస్క్‌ను బాగుచేయదు. కాపీ తీసుకోవడానికి ఇంకా టైమ్ ఉందని మాత్రం చెబుతుంది. ఆ టైమ్‌ను రిపేర్ ప్రయత్నాలకు ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువగా డేటా పోగొట్టుకుంటారు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

ముందు కాపీ, తర్వాతే పరీక్ష

సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయడానికి ముందే ఒక పని చేయండి. పోతే మళ్లీ రానివి ఏవో ఆలోచించి, వాటిని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి గానీ, ఏమీ లేకపోతే ఒక పెన్ డ్రైవ్‌లోకి గానీ కాపీ చేయండి. సినిమాలు వద్దు, విండోస్ వద్దు, సాఫ్ట్‌వేర్లు వద్దు. అవి మళ్లీ దొరుకుతాయి. పిల్లల ఫొటోలు, కస్టమర్‌కు ఇంకా ఇవ్వని ఆల్బమ్, ట్యాలీ డేటా ఫోల్డర్, భూమి పత్రాల స్కాన్లు, ఇవి ముందు.

ఎందుకంటే పూర్తి పరీక్ష పెడితే డిస్క్ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. బలహీనంగా ఉన్న డిస్క్‌కు అది పెద్ద శ్రమే. ఆ శ్రమలో ప్రాణం పోయేదే ఉంటే, ముఖ్యమైన ఫైళ్లు అప్పటికే బయట ఉండాలి.

సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం

విండోస్ వాడేవాళ్లకు నేను మొదట చెప్పేది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. జపాన్‌కు చెందిన నోరియుకి మియాజాకి తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. చిన్న ఫైలు, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. క్రిస్టల్‌మార్క్ డాట్ ఇన్ఫో సైట్ నుంచే తీసుకోండి. డౌన్‌లోడ్ పేజీలో పెద్దగా మెరిసే బటన్లన్నీ సాఫ్ట్‌వేర్‌వి కావు, కొన్ని ప్రకటనలు ఉంటాయి. కాబట్టి పేరు చదివి నొక్కండి. బొమ్మలతో వచ్చే ఎడిషన్లు కూడా కనిపిస్తాయి, మీకు స్టాండర్డ్ ఎడిషన్ చాలు. అందులో ఇన్‌స్టాల్ చేసేది ఒకటి, జిప్ ఫైలుగా వచ్చేది ఒకటి ఉంటాయి. డిస్క్ మీద ముందే అనుమానం ఉంటే జిప్ తీసుకుని పెన్ డ్రైవ్ నుంచే నడపండి. అనుమానం ఉన్న డిస్క్ మీద కొత్తగా ఏదీ రాయకూడదు.

తెరవగానే పైన మీ డిస్కులు వరుసగా, ఒక్కోదాని టెంపరేచర్‌తో సహా కనిపిస్తాయి. ఎడమ పక్కన ఒక రంగు గడి. నీలం ఉంటే బాగుంది. పసుపు ఉంటే జాగ్రత్త. ఎరుపు ఉంటే ప్రమాదం. బూడిద రంగు అంటే సాఫ్ట్‌వేర్‌కు వివరాలు అందలేదని అర్థం. పెన్ డ్రైవ్‌లకు, కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులకు అలాగే జరుగుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో యూఎస్‌బీకి, అసలు డిస్క్‌కు మధ్య ఒక చిప్ ఉంటుంది. కొన్ని చిప్‌లు లోపలి వివరాలను బయటికి పంపవు.

లినక్స్ వాడేవాళ్లకు, ఇంకాస్త లోతుగా చూడాలనుకునేవాళ్లకు జీస్మార్ట్‌కంట్రోల్ బాగుంటుంది. విండోస్‌లో కూడా నడుస్తుంది. ఇది స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే పేరున్న ఉచిత పరికరాన్ని బటన్లతో వాడుకునేలా చేస్తుంది. కంపెనీలు ఇచ్చేవీ ఉన్నాయి. సీగేట్‌కు సీటూల్స్, వెస్టర్న్ డిజిటల్‌కు డ్యాష్‌బోర్డ్, శాంసంగ్ ఎస్‌ఎస్‌డీలకు (తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లతో నడిచే డిస్కులకు) మెజీషియన్. వారంటీ అడగాల్సి వచ్చినప్పుడు కంపెనీ టూల్ ఇచ్చే రిపోర్ట్ పనికొస్తుంది. రోజూ చూసుకోవడానికి మాత్రం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోనే సులువు.

అంకెలు చదవడం

కింద కనిపించే పట్టికను చూసి చాలామంది భయపడి కిటికీ మూసేస్తారు. అందులో మీకు కావలసినవి మూడు నాలుగు వరుసలే.

మొదట ఒక సెట్టింగ్ మార్చండి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అందులో 10 అంకె ఉన్న డెసిమల్ ఎంచుకోండి. మార్చకపోతే అంకెలు హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో, కనిపిస్తాయి. అక్కడ 10 అని ఉంటే మన లెక్కలో 16. అది తెలియక తప్పుగా చదివేవాళ్లు చాలామంది.

ప్రతి డిస్క్ తన గురించి తాను ఒక లెక్క రాసుకుంటుంది. ఆ పద్ధతి పేరే స్మార్ట్. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను తెచ్చి మనకు చూపిస్తుంది, అంతే.

05 నంబరు వరుస చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్ అని ఉంటుంది. డిస్క్‌లో కొన్ని అదనపు సెక్టార్లను కంపెనీ ముందే పక్కన పెడుతుంది, బస్సుకు స్టెప్నీ ఉన్నట్టు. ఏదైనా సెక్టార్ చెడిపోతే దాని బదులు అదనపుది వాడి, ఆ లెక్క ఇక్కడ రాస్తుంది. సున్నా ఉంటే మంచిది. కొద్దిగా ఉండి నెలల తరబడి అక్కడే ఆగితే డిస్క్ ఇంకా కొంతకాలం నడవవచ్చు. వారం వారం పెరుగుతుంటే మాత్రం నమ్మకండి.

సీ5 ఇంకా ముఖ్యం. కరెంట్ పెండింగ్ సెక్టార్స్. డిస్క్ చదవబోయింది, చదవలేకపోయింది, ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. అంటే ఆ చోట ఉన్న మీ ఫైలు ముక్క ఇప్పుడే ఆపదలో ఉంది. 05లో అంకె జరిగిపోయిన నష్టం చెబితే, సీ5లో అంకె జరుగుతున్న నష్టం చెబుతుంది. సీ6 దీని తోడు. తనంతట తాను చేసుకున్న పరీక్షలో కూడా చదవలేని సెక్టార్ల లెక్క అది. ఈ మూడింట్లో ఏది సున్నా దాటినా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మామూలుగా పసుపు చూపిస్తుంది. బీబీ అనే వరుస మీ డిస్క్‌లో ఉంటే అదీ చూడండి. సరిదిద్దలేకపోయిన తప్పుల లెక్క అక్కడ ఉంటుంది.

సీ7 వేరే కథ. డిస్క్‌కు, బోర్డుకు మధ్య డేటా వెళ్లే దారిలో వచ్చిన తప్పులవి. ఎక్కువసార్లు కారణం సాటా కేబుల్. వదులుగా ఉండొచ్చు, దుమ్ము పట్టొచ్చు, ఎలుక కొరికి ఉండొచ్చు. తక్కువ ధరకు కొత్త కేబుల్ వస్తుంది, మార్చండి. మార్చాక అంకె తగ్గదు, అది తగ్గే లెక్క కాదు. పెరగడం ఆగిందా లేదా చూడండి. ఆగితే సమస్య తీరినట్టే. సీ7 చూసి డిస్క్ పారేయడం అనవసరం.

ఇంకో అనవసర టెన్షన్ గురించి కూడా చెప్పాలి. సీగేట్ డిస్కుల్లో 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. ఆ కంపెనీ ఆ గడిలో తప్పుల లెక్కతో పాటు మొత్తం ఎన్నిసార్లు చదివిందో కూడా కలిపి రాస్తుంది. అందుకే అంత పెద్ద అంకె. కొత్త డిస్క్‌లోనూ అలాగే ఉంటుంది. దాన్ని చూపించి 'డిస్క్ పోయింది, మార్చాలి' అని ఎవరైనా అంటే 05, సీ5, సీ6 చూపించమని అడగండి.

09లో డిస్క్ నడిచిన గంటలు ఉంటాయి. రోజుకు పది గంటలు తెరిచే షాపులో, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుంటే 3,000 గంటలు. సీసీ కెమెరాల రికార్డింగ్ దాచే, రాత్రింబగళ్లు నడిచే డీవీఆర్ పెట్టెలో ఏడాదికి 8,760. గంటలు ఎక్కువైనంత మాత్రాన డిస్క్ చెడిందని కాదు. కానీ 30,000 దాటిన డిస్క్ మీద ఒక్కటే కాపీ ఉంచుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవద్దు.

అంకె కంటే అది కదిలే తీరు ముఖ్యం

నల్లగొండలో నాకు తెలిసిన ఒక స్టూడియోలో 2 టీబీ డిస్క్. ఫొటోషాప్ తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని ర్యామ్ పెంచాలనుకున్నారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే పసుపు. 05 సున్నా, సీ5లో 8, సీ6లో 8.

"అన్నా, ఎనిమిదే కదా. ఫొటోలన్నీ మంచిగనే తెరుచుకుంటున్నయ్. పెండ్లిళ్ల సీజన్ అయినంక చూద్దాం తీ" అన్నాడు స్టూడియో అతను.

ఆ ఎనిమిది ఎలా వచ్చిందో చెప్పాను. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి ఒక్కో సెక్టార్ అసలు సైజు 4,096 బైట్లు. లెక్క మాత్రం పాత పద్ధతిలో 512 బైట్ల చొప్పున రాస్తాయి. అందుకే ఒక్క చోట దెబ్బ తగిలినా 8 పెరుగుతుంది. ఆ రోజు ఒకే చోట దెబ్బ ఉంది. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకొమ్మన్నాను. వారం తిరక్కముందే సీ5 గడిలో 56 కనిపించింది. అంటే ఏడు చోట్ల. ఫొటోలు ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి. ఇద్దరం ఆ రెండు స్క్రీన్ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాక సీజన్ మాట మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే కొత్త డిస్క్ తెచ్చి, డెలివరీ కాని పెండ్లిళ్లు ముందు, ఇచ్చేసినవి తర్వాత కాపీ చేశారు. పాత వీడియోలు ఒకటి రెండు చదవలేదు. మిగతావన్నీ వచ్చాయి.

మీరూ అదే చేయండి. నెలకోసారి, జీతాల రోజో కరెంటు బిల్లు కట్టే రోజో గుర్తు పెట్టుకుని, స్క్రీన్ ఫొటో తీసి ఫోన్‌లో ఒక ఆల్బమ్‌లో వేయండి. ఈ రోజు అంకె ఒక్కటే చూస్తే ఏదీ తేలదు, పోయిన నెలది పక్కన ఉంటే పిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఫంక్షన్ మెనూలో రెసిడెంట్, స్టార్టప్ అనే రెండింటికీ టిక్ పెట్టండి. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ దానంతట అదే మొదలై, గడియారం పక్కన చిన్న గుర్తుగా టెంపరేచర్ చూపిస్తూ ఉంటుంది. పరిస్థితి మారితే హెచ్చరిస్తుంది. షాపులో కంప్యూటర్ మీద కూర్చునే అబ్బాయికి కూడా ఆ హెచ్చరిక ఏంటో చెప్పి ఉంచండి. లేకపోతే 'ఏదో వచ్చింది సార్, క్లోజ్ చేశాను' అంటాడు.

నీలం రంగును ఎంతవరకు నమ్మాలి

సగం వరకు. లెక్కలు చెబుతాను. వేల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచి తన డిస్కుల వివరాలు రోజూ నమోదు చేస్తోంది. అది ముఖ్యంగా చూసేవి ఐదు వరుసలు: 05, బీబీ, బీసీ (ఇచ్చిన ఆదేశం టైమ్‌లోగా పూర్తికాని సందర్భాల లెక్క), సీ5, సీ6. 2016లో ఆ కంపెనీ చెప్పిన ప్రకారం, పాడైన డిస్కుల్లో 76.7 శాతం వాటిలో ఈ ఐదింటిలో కనీసం ఒక్కటైనా ముందే సున్నా దాటింది. బాగా నడుస్తున్న డిస్కుల్లో అలా ఉన్నవి 4.2 శాతమే. అంటే పసుపు వచ్చిందంటే దాని మాట వినాల్సిందే.

కానీ మిగిలిన 23.3 శాతం? అవి ఏ సూచనా లేకుండా పోయాయి. గూగుల్ 2007లో లక్షకు పైగా డిస్కుల మీద ఇచ్చిన అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది. పాడైన వాటిలో సగానికి పైగా డిస్కుల్లో గట్టి సూచనలు నాలుగింట్లో ఒక్కటీ కనపడలేదు. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది. మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనను తాను పరీక్షించుకునేటప్పుడు దొరికే తప్పు) వచ్చిన డిస్క్, వచ్చాక 60 రోజుల్లో పోయే అవకాశం ఎర్రర్ రాని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువ.

ఈ రెండూ కలిపి అర్థం చేసుకోవాలి. హెచ్చరిక వస్తే టైమ్ తక్కువ. హెచ్చరిక రాకపోయినా భరోసా లేదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని బ్యాకప్ మానేసినవారికి ఆ సాఫ్ట్‌వేర్ వల్ల మేలు లేదు.

బ్యాకప్ చేతిలో ఉన్నవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి జీస్మార్ట్‌కంట్రోల్‌లో ఎక్స్‌టెండెడ్ సెల్ఫ్ టెస్ట్ పెట్టండి. పెద్ద డిస్క్‌కు గంటలు పడుతుంది, రాత్రి షట్టర్ వేసే ముందు మొదలుపెట్టి యూపీఎస్ మీద వదిలేయండి. ఎన్నాళ్లుగానో తెరవని ఫోల్డర్లలో దాగిన చెడ్డ సెక్టార్లు అప్పుడే బయటపడతాయి. షార్ట్ టెస్ట్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, కానీ డిస్క్ మొత్తం చూడదు.

పసుపు కనిపించింది, ఇప్పుడేం చేయాలి

చేయకూడనివి ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది వాటితోనే మొదలుపెడతారు. చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే పరికరం. చచ్చిపోతున్న డిస్క్ మీద గంటల తరబడి హెడ్‌ను (చదివే, రాసే భాగాన్ని) అటూ ఇటూ తిప్పిస్తుంది, తనకు పొంతన కుదరని ఫైళ్లను కత్తిరిస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు విండోస్ తానే చెక్‌డిస్క్ మొదలుపెట్టబోతే, స్క్రీన్ మీద కొన్ని సెకన్లు టైమ్ ఇస్తుంది. ఏదో ఒక కీ నొక్కి ఆపండి. ఫైళ్ల ముక్కలను ఒకచోటికి జరిపే డీఫ్రాగ్ వద్దు. విండోస్ మళ్లీ వేయడం వద్దు. 'ఫార్మాట్ కొడితే సరైపోతుంది' అనే సలహా అసలే వద్దు. ఫ్రిజ్‌లో పెట్టమని ఎక్కడో చదివి ఉంటారు, లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది. మూత విప్పొద్దు. ఒక దుమ్ము కణం చాలు, డేటా ఉండే లోపలి పళ్లెం మీద గీత పడటానికి.

డిస్క్ చప్పుడు లేకుండా నడుస్తూ, ఫోల్డర్లు తెరుచుకుంటుంటే మీరే కాపీ చేసుకోవచ్చు. మామూలుగా మౌస్‌తో లాగి వేస్తే ఒక చెడ్డ ఫైలు దగ్గర మొత్తం ఆగిపోతుంది. టెరాకాపీ లాంటిది వాడండి. ఇంటి వాడకానికి ఉచితం. చదవలేని ఫైలును వదిలేసి ముందుకు వెళుతుంది, చివర్లో ఏవి రాలేదో చూపిస్తుంది, వచ్చినవి సరిగా వచ్చాయో లేదో పోల్చి చెబుతుంది కూడా. చిన్నవి, ముఖ్యమైనవి ముందు. పెద్ద వీడియోలు చివర. మధ్యలో ఆ కంప్యూటర్‌లో ఇంకే పనీ చేయకండి.

ఫోల్డర్లు సరిగా తెరుచుకోకపోతే, లేదా సీ5 వందల్లో ఉంటే ఫైళ్లవారీగా కాపీ కంటే మొత్తం డిస్క్‌ను సెక్టార్ సెక్టార్‌గా ఇంకో డిస్క్‌లోకి తీసుకోవడం మేలు. దానికి గ్నూ డీడీరెస్క్యూ ఉంది. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ పెన్ డ్రైవ్‌లో సిద్ధంగా ఉంటుంది. ఇది మంచి చోట్లన్నీ ముందు చదువుకుని, చెడ్డ చోట్లను చివరికి ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కాపీ తీసుకునే డిస్క్ అంతే సైజుది గానీ పెద్దది గానీ ఉండాలి. ఏది పాతది, ఏది కొత్తది అని రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద పడుతుంది. కమాండ్లు అలవాటు లేకపోతే తెలిసినవారి చేత చేయించండి. కాపీ వచ్చాక పోయిన ఫైళ్లను వెలికితీసే ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత పరికరాలతో ఆ కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేయండి, అసలు డిస్క్‌ను మాత్రం తీసి పక్కన పెట్టండి.

టక్ టక్ మని ఒకే లయలో చప్పుడు వస్తే, గీరుతున్నట్టు వినిపిస్తే, డిస్క్ కింద పడి ఉంటే వెంటనే కరెంటు తీసేయండి. 'ఇంకొక్కసారి చూద్దాం' అని ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. ఆ స్థితిలో ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్లు ఉన్నారు. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వైపు వెళితే వెతుక్కోవచ్చు. ఇచ్చే ముందు కొన్ని విషయాలు తేల్చుకోండి. డిస్క్ విప్పే పని దుమ్ములేని గదిలో చేస్తారా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, వచ్చిన ఫైళ్ల లిస్టు డబ్బు కట్టే ముందు చూపిస్తారా. మీ డిస్క్ సీరియల్ నంబరు రశీదు మీద రాయించుకోండి.

మన ఎండ, మన కరెంటు

మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల షెడ్డు కింద షాపు అయితే లోపల ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్ డిస్కులు చాలావాటికి కంపెనీ ఇచ్చే హద్దు 60 డిగ్రీలు. 45 లోపు ఉంటే బెంగ లేదు, 50 దాటుతుంటే పని చేయండి. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా ఒక జానెడు దూరం జరపండి, బీరువాలాంటి టేబుల్ అరలో నుంచి బయటికి తీయండి, ముందు జాలీ విప్పి దుమ్ము దులపండి, డిస్క్ ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ పెట్టించండి. క్యాబినెట్ దుమ్ము దులిపితేనే టెంపరేచర్ ఎంత తగ్గుతుందో సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి, మీకే నమ్మకం కలుగుతుంది.

వేడి కంటే నాకు ఎక్కువ భయం కరెంటు మీద. వానాకాలం ముందు ఈదురుగాలులకు పోయి వస్తూ, పోయి వస్తూ ఉంటుంది. నడుస్తుండగా కరెంటు పోతే డిస్క్ తన హెడ్‌ను హడావిడిగా పక్కకు లాక్కోవాలి. అలా ఎన్నిసార్లు జరిగిందో చాలా డిస్కుల్లో సీ0 వరుస చెబుతుంది. పవర్ ఆన్ లెక్కకు దగ్గరగా ఆ అంకె పెరుగుతుంటే మీ దగ్గర యూపీఎస్ లేదని గానీ, ఉన్నా బ్యాటరీ చచ్చిందని గానీ అర్థం. యూపీఎస్ ఉన్నది పని చేసుకోవడానికి అనుకోవద్దు. ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి కావలసిన కొద్ది నిమిషాల కోసమే అది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కూడా సేఫ్లీ రిమూవ్ కొట్టాకే తీయండి.

కాపీలు ఎన్ని, ఎక్కడ

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 పద్ధతి అందరికీ పనికొస్తుంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి అవతలో కనీసం ఇంకో ఇంట్లోనో. నల్లగొండలో షాపు, రామగిరిలో ఇల్లు ఉంటే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇంట్లో బీరువాలో, ఒకటి షాపులో. శనివారం రాత్రి రెండూ మార్చుకోండి. దొంగతనమైనా, షార్ట్ సర్క్యూట్ అయినా రెండూ ఒకేసారి పోవు. ముఖ్యమైన చిన్న ఫైళ్లకు గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత స్థలం ఉంది. మెయిల్, ఫొటోలు అన్నీ కలిపి ఆ లెక్కలోకే వస్తాయని గుర్తుంచుకోండి.

చేతితో కాపీ చేస్తే మరిచిపోతారు. విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ ఆన్ చేయండి. లేదా ఫ్రీఫైల్‌సింక్ పెట్టుకోండి. వ్యాపారానికి వాడితే దాని షరతులు ఒకసారి చదవండి. అందులో మిర్రర్ అనే పద్ధతి ఇక్కడ తీసేసినది అక్కడ కూడా తీసేస్తుంది. కొత్తగా వాడేవాళ్లు అప్‌డేట్ ఎంచుకోవడం క్షేమం. పని అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసేయండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చిన రోజు బ్యాకప్ కూడా దాని చేతికే చిక్కుతుంది. నెలకోసారి బ్యాకప్‌లో నుంచి ఏదో ఒక పాత ఫొటో, ఒక ట్యాలీ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, చప్పుడూ ఉండదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో శాతం కనిపిస్తుంది, 97 శాతం అంటే రాయగలిగే ఆయుష్షులో మూడు శాతం అరిగిందని. కానీ అది అరుగుదల లెక్క మాత్రమే. లోపలి కంట్రోలర్ చిప్ పోతే 97 శాతం ఉన్నా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ అనే వేగమైన ఎస్‌ఎస్‌డీ రకంలో అవైలబుల్ స్పేర్, మీడియా ఎర్రర్స్ వరుసలు చూడండి. రెండోది సున్నా ఉండాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, స్టోరేజ్‌లో డిస్కుల వివరాల్లో కూడా ఎన్‌వీఎంఈ ఆరోగ్యం కనిపిస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయిన ఫైలు ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చాలాసార్లు మళ్లీ రాదు, హార్డ్ డిస్క్‌లా రికవరీ మీద ఆశ పెట్టుకోవద్దు. బాగా వాడి అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచొద్దు, వేడిలో అయితే డేటా ఇంకా త్వరగా చెదురుతుంది. దాచుకోవడానికి హార్డ్ డిస్కే మేలు. కొత్త ల్యాప్‌టాప్ అయితే డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసి దాచండి. అది లేకపోతే డిస్క్ బాగున్నా డేటా చేతికి రాదు.

సీసీ కెమెరాలు, సెకండ్ హ్యాండ్ డిస్కులు

షాపుల్లో ఎవరూ చూడనిది డీవీఆర్ లోపలి డిస్క్. దొంగతనం జరిగిన రోజు తెరిస్తే రికార్డింగ్ నెల కిందటే ఆగి ఉంటుంది. చాలా డీవీఆర్‌లలో హెచ్‌డీడీ సెట్టింగుల్లోనే స్మార్ట్ వివరాలు ఉంటాయి. రోజంతా రాసే పనికి వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి రకాలు చేశారు, మామూలు డిస్క్ పెట్టించుకోకండి. వారానికోసారి నిన్నటి రికార్డింగ్ ప్లే చేసి చూడండి.

తక్కువ ధరకు సెకండ్ హ్యాండ్ డిస్క్ కొంటే, డబ్బు ఇచ్చే ముందే అక్కడే తగిలించి 05, సీ5, 09 చూడండి. ఆ అంకెలను కూడా చెరిపేసి అమ్మేవాళ్లున్నారు. 2025 మొదట్లో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కులను కొత్తవని అమ్మిన వ్యవహారం బయటపడింది. స్మార్ట్‌లో గంటలు చెరిపేశారు కానీ, డిస్క్ లోపలే ఉండే ఫార్మ్ అనే ఇంకో లెక్కలో అసలు గంటలు దొరికాయి. కంప్యూటర్ బాడీ చూసి పాతదిలా ఉండి, డిస్క్ గంటలు పదో ఇరవయ్యో ఉంటే అడగండి. డేటా పెట్టుకోవడానికి కొత్త డిస్కే కొనండి, సెకండ్ హ్యాండ్‌ది సినిమాలకు వాడుకోండి.

పసుపు డిస్క్‌ను వదిలించుకునేటప్పుడు

కాపీ పూర్తయ్యాక డిస్క్ మీద ఉన్న సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో వేసి వారంటీ చూడండి. చాలామంది వారంటీ ఉండగానే చెత్తలో వేస్తారు. ఉంటే కంపెనీ టూల్ రిపోర్ట్‌తో సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. వారంటీలో మారిన డిస్క్ వస్తుంది కానీ, పాత డేటా రాదు.

ఇచ్చే ముందు డిస్క్ ఇంకా నడుస్తుంటే క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. అప్పుడు విండోస్ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది. క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్లు అలాగే ఉంటాయి, ఫొటోరెక్‌తో ఎవరైనా తీయగలరు. మీసేవ సెంటర్లు, జిరాక్స్ షాపుల డిస్కుల్లో ఊరందరి ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు ఉంటాయి. నడవని డిస్క్ అయితే పాత సామాను కొనేవాడికి వేసే ముందు స్క్రూలు విప్పి లోపలి పళ్లేలను గీకి, వంచి వేయండి. కొన్ని డిస్కుల్లో, ముఖ్యంగా ల్యాప్‌టాప్ డిస్కుల్లో, పళ్లెం గాజుది ఉంటుంది, ముక్కలు ఎగురుతాయి. మందపాటి గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టండి.